అంగుళము మొదలు ఆమడ వరకు

లోక వ్యవహారమునకు కొలత ప్రాణము వంటిది. ఎంత పొడవు, ఎంత ఎత్తు, ఎంత దూరము అను ప్రశ్నలకు సమాధానము లేనిదే ఇల్లు నిలువదు, వస్త్రము కుదరదు, దారి తెలియదు. వైదిక కర్మకును, ఆలయ నిర్మాణమునకును, విగ్రహ రచనకును సైతము కొలతయే ఆధారము. మన పెద్దలు దీనిని ‘మానము’ అనిరి. ‘ప్రమాణము’ అను మాటలో ఉన్నదియు ఆ మానమే. పొడవును నిర్ణయించునది ప్రమాణము. సత్యమును నిర్ణయించునదియు ప్రమాణమే. ఒట్టు పెట్టుకొనుటను సైతము తెలుగువారు ‘ప్రమాణము చేయుట’ యనియే అందురు. కొలతకును సత్యమునకును గల చుట్టరికము ఈ ఒక్క మాటలోనే కనబడుచున్నది.

అయితే భగవంతుడు అప్రమేయుడు, అనగా కొలతకు అందనివాడు. విరాట్పురుషుడు విశ్వమంతయు వ్యాపించి, దానిని పది అంగుళములు మించి నిలిచెనని పురుషసూక్తము చెప్పుచున్నది. బలిచక్రవర్తి కడ మూడడుగుల నేల యాచించిన వామనుడు, రెండడుగులతోనే భూమ్యాకాశములను కొలిచి, మూడవ అడుగునకు చోటు చాలకుండ జేసినాడు. అట్టి అప్రమేయుని నాలుగడుగుల రాతిలో నిలుపుట ఎట్లు? ఏ కొలబద్దతో ఆ రూపమును కొలువవలెను? ఈ ప్రశ్నకు సమాధానము నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములో దొరకును. ఒకవైపు నవనందుల దారులు, అహోబిల యాత్రామార్గములు. మరియొకవైపు ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుళ్లు. దూరమును కొలుచు మానమును, రూపమును కొలుచు మానమును ఇచ్చట ప్రక్కప్రక్కనే కనబడును.

శరీరమే తొలి కొలబద్ద

మానవునకు దేవుడిచ్చిన మొదటి కొలబద్ద అతని దేహమే. వ్రేలి వెడల్పు అంగుళము. నాలుగు వ్రేళ్లు చేర్చిన వెడల్పు బెత్తెడు. బొటనవ్రేలి కొన నుండి చిటికెనవ్రేలి కొన వరకు చాచిన పొడవు జాన. మోచేతి నుండి నడిమి వ్రేలి కొన వరకు మూర. రెండు చేతులు ప్రక్కలకు చాచిన పొడవు బార. మనిషి ఎత్తు నిలువు. పండ్రెండు అంగుళములు జాన, రెండు జానలు మూర, రెండు మూరలు గజము, నాలుగు మూరలు బార అని లెక్క.

ఇచ్చట ఒక సందేహమును ముందుగానే తీర్చుకొనవలెను. ఆంగ్లేయుల ఇంచిని కూడ తెలుగువారు అంగుళమనియే పిలుచుచున్నారు. కాని శాస్త్రములోని అంగుళము వేరు. మూరకు అంగుళములు 24, ఇంచీలు 18. కావున శాస్త్రాంగుళము సుమారు ముప్పాతిక ఇంచి మాత్రమే. పాత గ్రంథములు చదువువారు ఈ భేదము మరచినచో మూడడుగుల వస్తువు నాలుగడుగులై కూర్చుండును. ఈ వ్యాసములో ఆంగ్ల మానము ఇంచి యనియు, శాస్త్ర మానము అంగుళమనియు చెప్పబడినవి.

దేహమానములు నేటికిని మాసిపోలేదు. గుడి ముందు పూలమ్మే స్త్రీ తన మోచేతి కొలతతోనే మూరల లెక్కన పూలు కొలిచి ఇచ్చును. ఆ మూర ఆమె చేతిది. కొనువారి చేతిది కాదు. ఆమె చేయి ఉదయము ఎంతయో సాయంకాలమును అంతయే గనుక ఆ బేరము నమ్మకము మీద నడచును. కాని పొలము గట్టు విషయములో ఇట్టి నమ్మకము చాలదు. ఒకని చేతికి నూరు మూరలైన నేల మరియొకని చేతికి తొంబదియారు మూరలు కావచ్చును. కలహము అక్కడనే పుట్టును.

శాస్త్రము చెప్పిన మానము

ఈ కలహమును నివారించుటకే శాస్త్రకారులు దేహమును దాటి ధాన్యపు గింజను ఆశ్రయించిరి. బౌధాయన శుల్బసూత్రము ప్రకారము అంగుళమనగా 14 అణు ధాన్యపు గింజల పొడవు, లేదా ప్రక్కప్రక్కన పేర్చిన 34 నువ్వుగింజల పొడవు. అట్టి అంగుళములు 12 ప్రాదేశము, 24 అరత్ని, 120 పురుషమానము.

మయమతము మరింత సూక్ష్మమునుండి బయలుదేరినది. ఎనిమిది పరమాణువులు రథచక్రము లేపిన ధూళికణము. ఎనిమిది ధూళికణములు వెంట్రుక కొన. ఎనిమిది వెంట్రుక కొనలు లిక్ష, అనగా పేనుగ్రుడ్డు. ఎనిమిది లిక్షలు యూక, అనగా పేను. ఎనిమిది యూకలు యవధాన్యపు గింజ వెడల్పు. ఎనిమిది యవలు అంగుళము. ఇట్లు కంటికి కానరాని దానినుండి ఎనిమిదేసి రెట్లు పెరుగుచు మానము చేతికందు వస్తువైనది.

హస్తమును కూడ మయమతము పనినిబట్టి నాలుగు విధములుగా చెప్పినది. 24 అంగుళములది కిష్కువు. వాహనములకును, శయనములకును అది తగును. 25 అంగుళములది ప్రాజాపత్యము. అది విమానమునకు, అనగా దేవాలయమునకు. 26 అంగుళములది ధనుర్ముష్టి; అది గృహాదులకు. 27 అంగుళములది ధనుర్గ్రహము, అది గ్రామాదులకు. కిష్కువును అన్నిటికిని వాడవచ్చునని సడలింపును కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో సామాన్యమైన దండము 96 అంగుళములది కాగా, దారులను, కోటగోడలను కొలుచుటకు 108 అంగుళముల ధనుస్సు విధింపబడినది. జపమాల పూసల సంఖ్య రాజమార్గపు కొలకఱ్ఱపై కనబడుట భక్తులకు ముచ్చట గొలుపును.

దారి కొలతలు

చేతితో వస్తువులను కొలిచిన మానవుడు దూరమును కాలితోను, గొంతుతోను కొలిచినాడు. ‘క్రోశము’ అను మాటకు మూలము అరచుట యను అర్థము గల ధాతువు. కేక వినబడు మేర క్రోశము. తెలుగులో ‘కూతవేటు దూరము’ అనుటలో అదే భావము నిలిచినది. క్రోశమే వాడుకలో కోసు అయినది. సుమారు రెండు మైళ్లు. నాలుగు క్రోశములు యోజనము. తెలుగువారి ఆమడయు ఇంచుమించు అంతయే. సుమారు ఎనిమిది మైళ్లు, అనగా 13 కిలోమీటర్లు.

నేడు నంద్యాల నుండి ఆళ్లగడ్డకు 40వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 40 కిలోమీటర్లు. పూర్వులు దానినే మూడామడల దారి యందురు. కిలోమీటర్ల లెక్క దూరమును మాత్రమే చెప్పును. ఆమడల లెక్కలో నడచువాని శ్రమ, ఎండ, దాహము, రాత్రి బస అన్నియు ఇమిడియున్నవి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి, మార్గమధ్యమున అహోబిలమును, మహానందిని, శ్రీశైలమును సేవించెను. ఊరినుండి ఊరికి గల దారిని, మజిలీలలోని వసతులను ఆయన శ్రద్ధతో వ్రాసియుంచుట చేతనే కాశీయాత్ర చరిత్ర తరువాతి యాత్రికులకు దారిదీపమైనది.

నంద్యాల చుట్టును వెలసిన ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, కృష్ణనంది, వినాయకనంది, గరుడనంది, మహానంది యను నవనందుల దర్శనమునకు మరియొక కొలత కలదు. కార్తిక మాసములో ఒకే దినమున, సూర్యోదయ సూర్యాస్తమయముల నడుమ తొమ్మిదింటిని దర్శించుట భక్తుల నియమము. ఇక్కడ దారికి కొలబద్ద సూర్యుడే.

అహోబిల నరసింహుని పారువేట ఉత్సవమున స్వామియే దారిని కొలుచును. సంక్రాంతి వేళ, కనుమనాడు బయలుదేరిన పల్లకి నలుబది దినములకు పైగా ముప్పదికి మించిన గ్రామములలో సంచరించును. ఆ యాత్ర ఎన్ని కిలోమీటర్లని ఆ గ్రామములవారు అడుగరు. స్వామి తమ ఊరికి ఏనాడు వచ్చునని అడుగుదురు. వామనుడై అడుగులతో లోకములను కొలిచినవాడు నరసింహుడై గ్రామములను పలకరించుచు కొలుచుచున్నాడు.

అందరికి ఒకే మానము

ప్రాంతమునకొక గడ, వృత్తికొక గజము ఉన్నంతకాలము వ్యాపారములో మోసమునకు చోటుండెను. పాలకులు మానములను ఏకముచేయ యత్నించుటకు ఇదియే కారణము. ఆంగ్లేయుల కాలమున 1889లో పొడవు కొలతల చట్టము వచ్చి గజమును స్థిరపరచినది. స్వతంత్ర భారతమున 1956 నాటి చట్టము మెట్రిక్ పద్ధతిని ప్రవేశపెట్టినది. 2009లో చేయబడిన చట్టము నేడు తూనికలను, కొలతలను శాసించుచున్నది.

మీటరు చరిత్రయు ఆలోచింపదగినది. ఫ్రాన్సు దేశమున 1790 ప్రాంతములందు విద్వాంసులు ఏ రాజు చేతినో, పాదమునో ఆశ్రయింపక భూమినే కొలబద్దగా గైకొనిరి. ఉత్తర ధ్రువము నుండి భూమధ్యరేఖ వరకు గల దూరములో కోటవ వంతు మీటరని నిర్ణయించిరి. 1983 నుండి కాంతి నిర్వాతములో ఒక సెకనులో 29,97,92,458వ భాగమున పయనించు దూరమే మీటరు. వ్రేలితో మొదలైన కొలత ధాన్యమును, భూమిని దాటి కాంతిని చేరినది. దీని ప్రయోజనము ధర్మమే. నంద్యాల అంగడిలోని మీటరు, పారిస్ నగరములోని మీటరు ఒక్కటే. పేదవాడు కొన్న గుడ్డకును, ధనికుడు కొన్న గుడ్డకును కొలత ఒక్కటే. తప్పుడు కొలబద్దతో కొలుచుట దొంగతనమే యని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆళ్లగడ్డ శిల్పుల కొలత

ఇంతవరకు చెప్పినది అందరికి సమానమైన మానము. విగ్రహమునకు ఇది చాలదు. ఏలయన, జానెడు విగ్రహములో వెలసిన స్వామియు, తొమ్మిదడుగుల విగ్రహములో వెలసిన స్వామియు ఒక్కడే. ఎత్తు మారినను రూపము మారరాదు. దీనికై శిల్పశాస్త్రము అంగుళమును మూడు విధములుగా విభజించినది.

మొదటిది మానాంగుళము. యవధాన్యముచే నిర్ణయింపబడి ఎల్లచోట్ల ఒక్కటిగా నుండునది. రెండవది మాత్రాంగుళము. యజమానుని లేక ఆచార్యుని కుడిచేతి నడిమి వ్రేలి నడిమి కణుపు పొడవు. హోమకుండము, స్రుక్కు, స్రువము మొదలగు యజ్ఞసాధనములకు ఇది తగును. మూడవది దేహలబ్ధాంగుళము. ఇది విగ్రహపు ఎత్తునుండియే పుట్టునది. చెక్కబోవు విగ్రహపు ఎత్తును 108, 116, 120, 124 వంటి విధించిన సంఖ్యచే భాగింపగా వచ్చిన ఒక భాగమే ఆ విగ్రహమునకు అంగుళము. ప్రతి విగ్రహము తన అంగుళమును తానే కలిగియుండును. పొరుగు విగ్రహపు అంగుళము దానికి పనికిరాదు.

సుమారు పండ్రెండు అంగుళముల సముదాయము తాళము. మణికట్టు నుండి నడిమి వ్రేలి కొన వరకు గల అరచేతి పొడవు తాళము. అది ముఖము పొడవునకు సమానము. ఎవరైనను తమ చేతిని గడ్డము నుండి నుదుటి పైకి ఆనించి చూచినచో ఈ సామ్యము తెలియును. విష్ణువు, శివుడు మొదలగు ప్రధాన దేవతలకు 124 అంగుళముల ఉత్తమ దశతాళము, దేవీమూర్తులకు 120 అంగుళముల మధ్యమ దశతాళము, ఇంద్రాది దేవతలకు 116 అంగుళముల అధమ దశతాళము చెప్పబడినవి. విఘ్నేశ్వరునకు పంచతాళము. గణపతి విగ్రహము పొట్టిగా, ముద్దుగా కనబడుటకు కారణము శిల్పి ఇష్టము కాదు, ఈ నియమమే. గ్రంథభేదమునుబట్టి, సంప్రదాయమునుబట్టి ఈ సంఖ్యలలో కొన్ని మార్పులు కలవు.

ఆళ్లగడ్డలో తరతరములుగా శిల్పవృత్తిని సాగించుచున్న కుటుంబములు కలవు. అచ్చటి రాతిశిల్పము భౌగోళిక గుర్తింపును పొందినది. అచ్చట చెక్కిన దేవతామూర్తులు ఇతర రాష్ట్రములకును, విదేశములలోని దేవాలయములకును తరలివెళ్లుచున్నవి. రాతిని కోయుటకు, చదును చేయుటకు విద్యుత్ యంత్రములు వచ్చినవి. శ్రమ తగ్గినది. కాని యంత్రము రాతిని కోయగలదే గాని, మోకాలు ఎచ్చట ముగియవలెనో చెప్పజాలదు. దానిని చెప్పునది తాళమానమే.

ఒక ఉదాహరణము

వరాహమిహిరుని బృహత్సంహిత ఒక సులభమైన లెక్కను చెప్పినది. గర్భాలయ ద్వారపు ఎత్తులో ఎనిమిదవ వంతును తగ్గింపవలెను. మిగిలిన దానిని మూడు భాగములు చేయవలెను. ఒక భాగము పీఠము, రెండు భాగములు ప్రతిమ.

ఒక గ్రామమున కట్టిన ఆలయమునకు ద్వారము ఆరడుగులు, అనగా 72 ఇంచీలు ఎత్తున్నదనుకొందము. అందులో ఎనిమిదవ వంతు 9. మిగిలినవి 63. మూడవ వంతు 21 ఇంచీలు పీఠము. 42 ఇంచీలు ప్రతిమ. ఈ 42 ఇంచీలను 108 అంగుళములుగా విభజింపవలెను. లెక్క వేసినచో నోటికి లొంగని భిన్నము వచ్చును. కాని లెక్కతో పని లేకయే దీనిని సాధింపవచ్చును. ప్రతిమ ఎత్తునకు సరిపోవు కాగితపు పట్టీ నొకదానిని తీసికొని మూడుగా మడచి, మరల మూడుగా మడచినచో తొమ్మిది తాళములగును. ఒక తాళమును సగము చేసి, మరల సగము చేసి, దానిని మూడుగా మడచినచో పండ్రెండు అంగుళములగును. పిల్లలు సైతము ఇంటిలో చేసి చూడదగిన పాఠమిది. మడచిన గీతలే ఆ విగ్రహమునకు కొలబద్ద.

ఇక ఆ 108 అంగుళముల పంపకము ఇట్లుండును: ముఖము 12, కంఠము 4, కంఠము నుండి హృదయమునకు 12, హృదయము నుండి నాభికి 12, నాభి నుండి తొడల మొదటికి 12, తొడలు 24, మోకాళ్లు 4, పిక్కలు 24, పాదములు 4. అన్నియు కూడినచో 108. ముఖము ఒక పాలైనచో తొడ రెండు పాళ్లు, పిక్క రెండు పాళ్లు. కంఠము, మోకాలు, పాదము మూడును సమానము. ఈ పంపకము కుదిరినచో విగ్రహము జానెడైనను గంభీరముగా నుండును. కుదరనిచో ఇరువదడుగులైనను వెలితిగా కనబడును.

భక్తులు, ధర్మకర్తలు గమనింపవలసినది

నూతనముగ ఆలయము కట్టుకొను గ్రామస్థులు పలుమారు మొదట గోడలు లేపి, తలుపు నిలిపి, తరువాత విగ్రహమును గూర్చి ఆలోచింతురు. లేదా చేతిలో ఒక చిత్రపటము పట్టుకొని ‘ఇంత ఎత్తు కావలెను, ఇంత ఖర్చులో కావలెను’ అని శిల్పిని అడుగుదురు. ద్వారమునకు మించిన ఎత్తు కోరి, తరువాత పీఠమును కుదించుడనియో, మోకాళ్ల క్రింద కొంత తగ్గించుడనియో కోరినచో శిల్పి సంకటములో పడును. కోరినది చేయనిచో బేరము పోవును. చేసినచో శాస్త్రము పోవును. ఇది శిల్పి ఒక్కని కష్టము కాదు. వస్త్రము పొట్టిదైన మరియొకటి కొనవచ్చును. ప్రతిష్ఠ జరిగిన మూర్తిని సరిదిద్దుట సాధ్యము కాదు. రాబోవు తరములవారు కనులు మూసికొనినపుడు ధ్యానములో నిలుచునది ఆ రూపమే.

కావున తలుపు ఎత్తు నిర్ణయింపక ముందే ఆగమ పండితుని, స్థపతిని కలిసికొనుట మంచిది. మూర్తి ఏ తాళమునకు చెందునో వారిచే చెప్పించుకొనవలెను. ఎత్తును అడుగులలోనో, సెంటీమీటర్లలోనో వ్రాసికొనవచ్చును. ఆ ఎత్తులోని భాగములను మాత్రము శాస్త్రమునకు వదలవలెను. రాయి దొరికిన పొడవు తక్కువైనచో ఒక్క అవయవమును కుదింపరాదు. మొత్తము ఎత్తునే తగ్గించి, అంగుళమును క్రొత్తగా పుట్టించుకొనవలెను. అప్పుడు విగ్రహము చిన్నదగును గాని లోపము గలది కాదు.

రెండు మానములు, ఒక ధర్మము

ఇట్లు చూడగా కొలతలు రెండు విధములని తేలుచున్నది. ఒకటి ఎల్లరకు ఒక్కటిగా నుండవలసినది. అంగడిలో, పొలములో, దారిలో, పరుల సొమ్ముతో పని పడిన ప్రతి చోటను ఆ మానమే వాడవలెను. అక్కడ ‘నా చేయి ఇంతే’ అనుట అధర్మము. రెండవది వస్తువునుండియే పుట్టునది. విగ్రహమును దాని అంగుళముతోనే కొలిచినట్లు, మనుష్యుని గుణమును, శక్తిని, భక్తిని అతని కొలతతోనే చూడవలెను. మూడామడలు నడచి మహానందిని చేరిన వృద్ధుని భక్తిని, బండిలో వచ్చిన యువకుని భక్తిని ఒకే గజముతో కొలువ వీలుకాదు. పరులకిచ్చునపుడు సమానమైన మానమును, పరులను గూర్చి తలచునపుడు వారి మానమును వాడుట వివేకము. ఈ రెండింటిని తారుమారు చేయుట చేతనే లోకములో పెక్కు అన్యాయములు పుట్టుచున్నవి.

ఇక భగవంతుడు ఈ రెండు మానములకును పైవాడు. శిల్పి 124 అంగుళములను లెక్కతప్పక చెక్కి, చివరకు నేత్రోన్మీలనము జరిగిన పిమ్మట, ఆ మూర్తిని కొలబద్దతో ఎవరును కొలువరు, చేతులు జోడింతురు. కొలతయంతయు పాటించిన చోటనే కొలతకందనివాడు వచ్చి కూర్చుండును. పురుషసూక్తము చెప్పిన ఆ పది అంగుళములు ఏ శిల్పికిని, ఏ శాస్త్రమునకును దొరకవు. వానిని పూరింపవలసినది భక్తుని హృదయమే. తన వంతు కొలతను తప్పక పాటించి, మిగిలిన పది అంగుళములను స్వామి దయకు వదలిన గృహస్థుడు, వర్తకుడు, శిల్పి ఎల్లరును ధన్యులగుదురు గాక!